ఫాస్ట్ కనెక్టర్ కొనేముందు క్లీవర్ చూసుకోండి

ఫైబర్లను కరిగించి అతికే స్ప్లైసింగ్ మెషీన్ లేకుండానే డ్రాప్ కేబుల్ (ఇంటికి వచ్చే ఫైబర్ ఇంటర్నెట్ తీగ) కొసకు కనెక్టర్ బిగించుకోవచ్చు. ఫాస్ట్ కనెక్టర్ అమ్ముడుపోయేది ఈ ఒక్క మాట మీదే. మాట నిలబెట్టుకుంటుంది కూడా, ఫైబర్‌ను కోసే క్లీవర్ మంచిదైతే. ఈ కనెక్టర్లకు వచ్చిన చెడ్డపేరులో చాలా భాగం నిజానికి క్లీవర్‌కు రావాల్సింది. ఇక్కడ చూస్తున్నది ఆకుపచ్చ ఎస్‌సీ/ఏపీసీ రకం (ముఖం వాలుగా ఉండే కనెక్టర్), అందులోనూ లోపల ఫైబర్ ముక్క ముందే అమర్చి వచ్చే మోడల్.

ముందు భాగంలో 2.5 మి.మీ. మందం జిర్కోనియా ఫెర్రూల్ (ఫైబర్‌ను నడిమధ్యలో పట్టి ఉంచే సిరామిక్ గొట్టం) ఉంటుంది. దాని ముఖాన్ని ఫ్యాక్టరీలోనే 8 డిగ్రీల వాలుతో పాలిష్ చేసేస్తారు, కాబట్టి ఆ కష్టమైన పని మన చేతికి రాదు. ఫెర్రూల్‌లోని ఫైబర్ ముక్క వెనక కొస ఒక సన్నటి వి-గాడిలో ఆగుతుంది. మనం కోసి దూర్చే ఫైబర్ అక్కడికి వచ్చి దానికి ఆనుతుంది. మధ్యలో మిగిలే సందును ఇండెక్స్ మ్యాచింగ్ జెల్ నింపుతుంది. దీని వక్రీభవన గుణకం గాజుకు చాలా దగ్గర. జెల్ లేక గాలి ఉంటే ఒక్కో గాజు ముఖం దగ్గర సుమారు 3.5 శాతం వెలుగు వెనక్కి మళ్లుతుంది.

బిగించడం పెద్ద పనేమీ కాదు, వరస తప్పితేనే చిక్కు. వెనక నట్టును ముందే కేబుల్‌కు ఎక్కించాలి. ఇది మరిచిపోతే ఆఖర్న మళ్లీ మొదటికి రావాలి. తరువాత పై తొడుగును సుమారు 50 మి.మీ. మేర ఒలిచి, పక్కనున్న బలపు తీగలను కత్తిరించి, 250 మైక్రాన్ల పూతను స్ట్రిప్పర్‌తో ఒక్క లాగులో తీసేయాలి. బయటపడిన 125 మైక్రాన్ల గాజును 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన, పోగులు రాలని టిష్యూతో తుడవాలి. తుడిచాక కోయాలి, కోశాక మళ్లీ తుడవకూడదు, వేలు అసలే తగలకూడదు. ఎంత పొడవు వదలాలన్నది ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది. ప్యాకెట్‌లో వచ్చే గేజ్‌నే వాడండి. ఒక కంపెనీ గేజ్‌తో ఇంకో కంపెనీ కనెక్టర్ కడితే ఫైబర్ ఆనకుండానే ఆగిపోతుంది, లేదా గుద్దుకుని విరుగుతుంది.

ఫైబర్ లోపలికి వెళ్లి ఆనిందనడానికి గుర్తు ఒక్కటే: వెనక భాగంలో అది కొద్దిగా విల్లులా వంగుతుంది. ఆ వంపు కనబడ్డాకే లాక్ నొక్కాలి. వంపు రాకుండా నొక్కేస్తే లోపల సందు ఉండిపోయినట్టే.

ఇక క్లీవర్ సంగతి. కోత కోణం 1 డిగ్రీ లోపు ఉంటే రెండు ముఖాలు సరిగ్గా కలుస్తాయి. 2, 3 డిగ్రీలకు పోతే సందు పెరుగుతుంది, దాన్ని జెల్ కొంతవరకే కప్పుతుంది. అంచు పెచ్చు లేచినా, కొసన చిన్న ముల్లు మిగిలినా జెల్ ఏం చేయలేదు. కిట్‌లో ఉచితంగా వచ్చే చవక క్లీవర్లతో ఒక కోత బాగా వచ్చి తరువాతిది చెడిపోవడం మామూలే. బ్లేడును తిప్పి కొత్త అంచు వాడుకునే వీలున్న క్లీవర్ తీసుకోండి, తిప్పాల్సిన సమయం వచ్చాక బద్ధకించకండి. రాలిన గాజు ముక్కలను మూత ఉన్న డబ్బాలో వేయాలి. చర్మంలో దిగితే కంటికి కనబడవు.

మంచి కోతతో 0.3 నుంచి 0.5 డీబీ (డెసిబెల్) లాస్, అంటే వెలుగు నష్టం, వస్తుంది. ఫ్యూజన్ స్ప్లైస్‌లో 0.05 డీబీ దగ్గర ఉంటుంది కాబట్టి తేడా పెద్దదిగా అనిపించవచ్చు. అయితే 28 డీబీ బడ్జెట్ (మొత్తం మీద తట్టుకోగల నష్టం) ఉన్న జీపాన్ బీ ప్లస్ రకం ఫైబర్ ఇంటర్నెట్ లైన్‌లో చివర ఒక్క కనెక్టర్‌కు అంత పోవడం సమస్య కాదు. ఓఎన్‌టీ (ఇంట్లో ఫైబర్ వచ్చి చేరే పెట్టె) దగ్గర వెలుగు బలం రీడింగ్ మైనస్ 27 డీబీఎం హద్దుకు అప్పటికే దగ్గరగా ఉంటే మాత్రం ఇది వద్దు, పిగ్‌టెయిల్ (ఒక కొసన కనెక్టర్ ముందే ఉన్న ఫైబర్ ముక్క) స్ప్లైస్ చేయండి.

రీడింగ్ తేడాగా వస్తే కనెక్టర్‌ను విప్పే ముందు 1310, 1550 నానోమీటర్ల తరంగదైర్ఘ్యాలు రెండింటిలోనూ కొలవండి. 1550లో మాత్రమే లాస్ ఎక్కువగా ఉంటే ఎక్కడో కేబుల్ బాగా వంగింది. మామూలు జి.652.డి ఫైబర్‌కు 30 మి.మీ., వంపును తట్టుకునే జి.657.ఏ2 అయితే 7.5 మి.మీ. వ్యాసార్థం కంటే బిగువుగా వంచకూడదు. రెండింటిలోనూ ఒకేలా ఎక్కువ ఉంటే తప్పు జాయింట్‌దే. ఎర్ర లేజర్ పెన్ను వేసి చూస్తే కనెక్టర్ లోపల కొద్దిగా మెరవడం మామూలే, బాగా వెలిగిపోతుంటే మళ్లీ కట్టాలి. వాలు లేని ముఖాలకు వాడే నీలం యూపీసీ అడాప్టర్‌లో (కనెక్టర్ దూర్చే గూడు) ఆకుపచ్చ ఏపీసీ దూర్చడం ఇంకో తరచు తప్పు. ముఖాలు కలవక డీబీల కొద్దీ పోతుంది, ఫెర్రూల్ ముఖం కూడా గీతలు పడవచ్చు.

కంపెనీలు గట్టిగా చెప్పని లోపం ఒకటుంది. ప్లాస్టిక్ బాడీ, గాజు ఉష్ణోగ్రతకు ఒకేలా వ్యాకోచించవు. ఎండ తగిలే పెట్టెలో పెడితే మధ్యాహ్నం ఒక రీడింగ్, రాత్రి ఇంకో రీడింగ్ రావచ్చు. జెల్ గుణకం కూడా వేడికి మారుతుంది కాబట్టి వెనక్కి తిరిగే వెలుగు పెరుగుతుంది. 1550లో కేబుల్ టీవీ సిగ్నల్ కూడా నడిచే లైన్లలో ఇది బొమ్మ మీద తెలుస్తుంది. గది లోపల గోడ పెట్టెకు సరే, బయటి పెట్టెకు సిఫార్సు చేయం.

మళ్లీ వాడుకోవచ్చన్న ప్రకటనను సగమే నమ్మండి. విప్పిన ప్రతిసారీ కొంత జెల్ పోతుంది, గాడిలో గాజు పొడి చేరుతుంది. ఒకసారి తిరిగి కట్టడం ఫర్వాలేదు, ఆ తరువాత కొత్తది తీయడమే మేలు.

ప్యాకింగ్ విషయంలో ఒక ఫిర్యాదు. ఫెర్రూల్‌కు తొడిగి వచ్చే ప్లాస్టిక్ టోపీ దుమ్మును ఆపుతుంది కానీ అచ్చు నుంచి విడిపించడానికి వాడిన పదార్థం ముఖానికి అంటుకోవచ్చు. సీలు తీసిన కొత్త కనెక్టర్ అయినా ముఖాన్ని క్లీనింగ్ పెన్నుతో ఒకసారి తుడిచాకే అడాప్టర్‌లో పెట్టండి.