ఆక్స్‌ఫర్డ్ కోట, పక్కనే జైలు: డబ్బు కట్టి సెల్లులో పడుకున్నాం

ఆక్స్‌ఫర్డ్ వెళ్లినవాళ్లంతా కాలేజీల వెంట పడతారు. మేమూ చూశాం, బాగున్నాయి. కానీ టికెట్ డబ్బు పూర్తిగా గిట్టుబాటైంది మాత్రం కోట, దాన్ని ఆనుకుని ఉన్న పాత జైలు దగ్గరే. రైల్వే స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరం. కారుంటే ఊరి బయట పార్క్ అండ్ రైడ్‌లో పెట్టేసి బస్సెక్కండి. సెంటర్లో పార్కింగ్ రేట్లు చూస్తే గుండె గుభేలుమంటుంది.

గోల్కొండను ఊహించుకుని వెళ్తే మాత్రం నిరాశే. 1071లో నార్మన్ దొర రాబర్ట్ డి ఓయ్‌లీ కట్టించిన కోటలో ఇప్పుడు చెప్పుకోదగ్గవి ఓ పెద్ద మట్టిదిబ్బ, సెయింట్ జార్జ్ టవర్, నేలమాళిగ. 17వ శతాబ్దపు అంతర్యుద్ధం ముగిశాక చాలా భాగం పడగొట్టేశారు. టవర్‌కి 101 మెట్లు, పైగా ఇరుకు. మోకాళ్ల నొప్పులతో మా అత్తయ్యగారు కిందే కూర్చుండిపోయారు.

చూడటానికి మిగిలింది తక్కువ, అందుకే గైడ్ టూర్ లేకుండా వెళ్లొద్దని నా మాట. పాతకాలపు వేషంలో వచ్చిన గైడ్ చెబుతుంటే రాళ్లకు మాటొచ్చినట్టుంది. 1142లో సింహాసనం కోసం మహారాణి మెటిల్డా, ఆమె దాయాది స్టీఫెన్ రాజు కొట్టుకుంటున్నారు. స్టీఫెన్ సైన్యం దాదాపు మూడు నెలలు ఈ కోటను చుట్టుముట్టింది. లోపల తిండి నిండుకుంది. డిసెంబరు మంచులో కలిసిపోయేలా తెల్లబట్టలు కప్పుకుని, గడ్డకట్టిన థేమ్స్ మీదుగా ఆవిడ తప్పించుకుపోయిందట. గోడ మీంచి తాళ్లు పట్టుకుని దిగిందని కూడా చెబుతారు. అది నిజమో కల్పనో గానీ, పిల్లలు మాత్రం నోళ్లు తెరుచుకుని విన్నారు.

నాకు నచ్చింది జైలు లెక్కల కథ. కోటనే జైలుగా వాడుతున్న ఆ పాత రోజుల్లో అది ఒక కాలేజీ ఆస్తి. క్రైస్ట్ చర్చ్ కాలేజీవాళ్లు దాన్ని లీజుకిస్తే, జైలు నడిపేవాళ్లు ఖైదీల దగ్గరే తిండికీ బసకీ డబ్బు గుంజి లాభం చేసుకునేవారు! 1650లో ఆన్ గ్రీన్ అనే పనిమనిషిని ఇక్కడ ఉరి తీశారు. చనిపోయిందనుకుని శవాన్ని కోసి చూడటానికి డాక్టర్లకు అప్పగిస్తే, ఇంకా ఊపిరి ఉందని తేలింది. వాళ్లు ఆమెను బతికించారు, తర్వాత క్షమాభిక్ష దొరికింది. 1785లో కోటను ఆక్స్‌ఫర్డ్ కౌంటీ (జిల్లా లాంటిది) న్యాయాధికారులు కొన్నారు. డేనియల్ హారిస్ జైలు గవర్నరుగా, అంటే జైలు అధికారిగా ఉన్న రోజుల్లో ఖైదీల చేతే కోటలో పురావస్తు తవ్వకాలు చేయించారు. 1996లో జైలు మూతపడింది.

ఇప్పుడు అదే జైలు హోటల్. అంటే బసకి డబ్బు వసూలు చేయడం ఇక్కడ కొత్తేమీ కాదన్నమాట. మూడు సెల్లులు కలిపి ఒక గది చేశారు: రెండు పడకగదికి, ఒకటి బాత్‌రూమ్‌కి. బుక్ చేసేటప్పుడు పాత జైలు భవనం, అంటే ఎ వింగులోనే గది కావాలని అడగండి. పక్క భవనాల్లోనూ గదులున్నాయి, అవి మామూలు హోటల్ గదులే. ఇనుప వరండాలు, బరువైన తలుపులు చూడటానికి అద్భుతం. కిటికీ చిన్నది, ఎత్తులో ఉంటుంది, వ్యూ ఏమీ ఉండదు. రాత్రి బాగానే నిద్రపట్టింది. ఉరితీతలకు సంబంధించిన భాగాన్ని గదులుగా మార్చకుండా ఆఫీసులు చేశారు. మా ఆవిడ ఆ సంగతి కనుక్కున్నాకే సూట్‌కేసు విప్పింది.

మన సంగారెడ్డి పాత జైల్లో 2016లో 500 రూపాయలకి ఒకరోజు ఖైదీలా ఉండే ఏర్పాటు మొదలుపెట్టిన సంగతి గుర్తొచ్చింది. అక్కడ జైలు కూడు, ఇక్కడ మెత్తటి పరుపు. అనుభవం అసలైనది కావాలంటే సంగారెడ్డిదే గొప్ప. సుఖం కావాలంటే ఇది ఒక్క రాత్రికి సరిపోతుంది, రెండో రాత్రికి ఊరి బయట గెస్ట్‌హౌస్ చూసుకోండి. చుట్టుపక్కల రెస్టారెంట్లకు లోటు లేదు గానీ, మేం వెళ్లినచోట కాఫీ రావడానికే యుగం పట్టింది. టూర్ టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. దిబ్బ ఎక్కే పని వాన పడకముందే పెట్టుకోండి.