కీపాస్‌ఎక్స్‌సీ: వాడేవాళ్లే మళ్లీ నిలబెట్టిన పాస్‌వర్డ్ మేనేజర్

పాస్‌వర్డ్‌లన్నిటినీ ఇంటర్నెట్‌తో పనిలేకుండా మన కంప్యూటర్‌లోనే ఒక తాళం కింద దాచేది ఆఫ్‌లైన్ పాస్‌వర్డ్ మేనేజర్. లినక్స్, మ్యాక్ వాడేవాళ్లలో ఒకప్పుడు చాలామందికి తెలిసినది కీపాస్‌ఎక్స్. 2016 అక్టోబరులో వచ్చిన 2.0.3 దాని ఆఖరి విడుదల. సోర్సు కోడ్ అందరికీ అందుబాటులోనే ఉంది, బయటివాళ్లు రాసి పంపిన మార్పులూ ఉన్నాయి. వాటిని చూసి కలిపే తీరికే నిర్వాహకులకు లేకపోయింది. అలా పేరుకుపోయిన మార్పులను చేరదీసి, వాడుకరులే కొందరు కోడ్‌ను ఫోర్క్ చేశారు, అంటే దాని నకలు తీసుకుని విడిగా నడపసాగారు. 2017 జనవరిలో 2.1.0 పేరుతో కీపాస్‌ఎక్స్‌సీ బయటికొచ్చింది. 2021 డిసెంబరులో పాత ప్రాజెక్టు తన సైట్లోనే పని ఆపేశామని రాసి, జనాన్ని దీని దగ్గరికి పంపింది.

ఫోర్కులు చాలా పుడతాయి, చాలావరకు ఆర్నెల్లకే చల్లబడతాయి. ఇది నిలబడడానికి నాకు కనిపించే ముఖ్య కారణం, ఫైల్ ఫార్మాట్ జోలికి పోకపోవడం. పాస్‌వర్డ్‌లు దాచే ఆ కేడీబీఎక్స్ ఫార్మాట్, వీటన్నిటికీ మూలమైన విండోస్ ప్రోగ్రామ్ కీపాస్‌ది. కీపాస్‌ఎక్స్ 2.0లో చేసుకున్న ఫైల్ ఇందులో నేరుగా తెరుచుకుంటుంది. నచ్చకపోతే అదే ఫైల్‌తో వెనక్కి వెళ్లే వీలు అప్పట్లో ఉండేది. అందుకే మారడానికి ఎవరూ భయపడలేదు. కొత్త హంగుల కంటే ముందు, అప్పటికే ఎదురుచూస్తున్న మార్పులను కలిపారు. రాసి పంపినవాళ్లకు తమ పని వృథా కాలేదన్న నమ్మకం కుదిరి ఉంటుంది.

తర్వాతి వరుస చూడండి: 2017లో 2.2తో ఓటీపీ (ఒక్కసారికే పనికొచ్చే కోడ్) లెక్కింపు, యూబీకీ (యూఎస్‌బీ తాళం), 2018లో 2.3తో కేడీబీఎక్స్ 4, ఆర్గాన్2 (పాస్‌వర్డ్‌ను ఊహించి చూసేవాళ్లను నెమ్మదింపజేసే పద్ధతి), బ్రౌజర్‌తో నేరుగా మాట్లాడే పద్ధతి, 2020లో 2.6తో బలహీనమైన పాస్‌వర్డ్‌ల నివేదిక, 2022లో 2.7తో విండోస్ హలో (ముఖం, వేలిముద్రలతో తెరవడం), 2024లో 2.7.7తో పాస్‌కీలు (పాస్‌వర్డ్ లేకుండా లాగిన్ అయ్యే తాళాలు). 2.7.4 కోడ్‌ను బయటి నిపుణుడొకరు పరిశీలించి రాసిన నివేదికను 2023లో అందరికీ చూపించారు. పాస్‌వర్డ్‌లు దాచే సాఫ్ట్‌వేర్‌కు ఇంతకంటే మంచి ప్రచారం లేదు.

ఇక వాడకం. దించుకునేది కీపాస్‌ఎక్స్‌సీ డాట్ ఆర్గ్ నుంచి మాత్రమే. సెర్చిలో పైన కనిపించే ప్రకటన నొక్కకండి. 2023లో కీపాస్ పేరును పోలిన నకిలీ చిరునామాతో, గూగుల్ ప్రకటనల ద్వారానే మాల్‌వేర్ పంచారు. డెబియన్ లినక్స్‌లో 2024లో ప్యాకేజీని రెండుగా చీల్చారు. బ్రౌజర్ అనుసంధానం కావాలంటే "ఫుల్" అని ఉన్నది వేసుకోవాలి. అప్‌డేట్ తర్వాత బ్రౌజర్ ఎందుకు కలవడం లేదని తలపట్టుకున్నవాళ్లలో చాలామంది సమస్య ఇదే. ఫైర్‌ఫాక్స్ స్నాప్‌గానో ఫ్లాట్‌ప్యాక్‌గానో (యాప్‌ను మిగతావాటి నుంచి విడదీసి ఉంచే లినక్స్ ప్యాకేజీ రకాలు) ఉంటే ఆ విడదీసే గోడ, అంటే శాండ్‌బాక్సు, అడ్డుపడొచ్చు. ఫైర్‌ఫాక్స్‌ను, కీపాస్‌ఎక్స్‌సీని మామూలు ప్యాకేజీలుగా వేసుకోవడమే సుఖం.

డేటాబేస్ (పాస్‌వర్డ్‌లు దాచే ఫైల్) సృష్టించేటప్పుడు డిఫాల్టు విలువలు చాలు: కేడీబీఎక్స్ 4, ఆర్గాన్2డీ, 64 ఎంబీ మెమరీ, తెరవడానికి ఒక సెకను. ఇంకా గట్టిగా ఉండాలని మెమరీని 1 జీబీకి పెంచితే కంప్యూటర్‌లో బాగానే తెరుచుకుంటుంది. ఐఫోన్‌లో మాత్రం ఆటోఫిల్ నడిచే చోట మెమరీకి కట్టడి ఉంది, అక్కడ యాప్ కూలిపోతుంది. బలం కావాలంటే మెమరీ బదులు మాస్టర్ పాస్‌వర్డ్ (డేటాబేస్‌ను తెరిచే ప్రధాన పాస్‌వర్డ్)లో ఒక మాట పెంచండి. ఇందులోని పాస్‌ఫ్రేజ్ జనరేటర్ 7,776 ఇంగ్లిష్ మాటల జాబితాలోంచి ఏరుతుంది. ఒక్కో మాటకు దాదాపు 12.9 బిట్ల బలం, ఆరు మాటలకు 77.

తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఒక హెచ్చరిక. ఎంట్రీల పేర్లు, నోట్సు తెలుగులో నిశ్చింతగా రాసుకోవచ్చు. మాస్టర్ పాస్‌వర్డ్ మాత్రం తెలుగు లిపిలో పెట్టొద్దు. కొన్ని కీబోర్డులు పొల్లు తర్వాత కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ చేరుస్తాయి, కొన్ని చేర్చవు. ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే కోడ్‌గానూ రాయొచ్చు, రెండు ముక్కలుగానూ రాయొచ్చు. తెర మీద మాట ఒక్కటే, లోపలి బైట్లు వేరు, డేటాబేస్ తెరుచుకోదు. తెలుగు మాటలనే ఇంగ్లిష్ అక్షరాల్లో, ఒకదానికొకటి సంబంధం లేకుండా కూర్చుకుంటే ఈ బెడద ఉండదు. సామెతలు, పాటల పల్లవులు ఎంత పొడుగున్నా పనికిరావు.

బ్రౌజర్‌తో కలపడానికి టూల్స్, సెట్టింగ్స్, బ్రౌజర్ ఇంటిగ్రేషన్ దగ్గర టిక్కు పెట్టి, బ్రౌజర్‌లో కీపాస్‌ఎక్స్‌సీ-బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ వేసుకుని, డేటాబేస్ తెరిచి ఉండగా కనెక్ట్ నొక్కాలి. బ్యాంకు ముఖపేజీ చిరునామా ఒకటి, లాగిన్ పేజీది ఇంకొకటి అయినచోట ఎక్స్‌టెన్షన్ ఏమీ నింపకపోవచ్చు. ఆ ఎంట్రీలోని బ్రౌజర్ ఇంటిగ్రేషన్ భాగంలో రెండో చిరునామానూ చేర్చండి.

పేస్టు చేయనివ్వని సైట్లలో ఆటో-టైప్ అక్కరకొస్తుంది. ఎంట్రీ మీద ఉండి కంట్రోల్+షిఫ్ట్+వి నొక్కితే యూజర్‌నేమ్, ట్యాబ్, పాస్‌వర్డ్, ఎంటర్ వరుసలో తానే టైపు చేస్తుంది. క్యాప్చా అడిగే పేజీల్లో చివరి ఎంటర్ తీసేయాలి, లేదంటే క్యాప్చా ఖాళీగానే పేజీ వెళ్లిపోయి లాగిన్ విఫలమవుతుంది. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ వేర్వేరు పేజీల్లో ఉంటే మధ్యలో ఎంటర్, ఆపైన 2,000 మిల్లీసెకన్ల ఆగుడు పెట్టుకోవచ్చు. 2.7 వరుసలో పెద్ద లోటు ఒకటుంది: వేలాండ్ (తెర మీద కిటికీలు చూపించే కొత్త వ్యవస్థ) మీద నడిచే లినక్స్‌లో ఆటో-టైప్‌ను నమ్ముకోలేం. కొత్త ఉబుంటు, ఫెడోరా వాడేవాళ్లు ఇది తెలుసుకుని రావాలి.

దీనికి సొంత ఫోన్ యాప్ లేదు, సొంత క్లౌడ్ లేదు. ఆండ్రాయిడ్‌లో కీపాస్‌డీఎక్స్, ఐఫోన్‌లో స్ట్రాంగ్‌బాక్స్ ఇదే ఫైల్‌ను తెరుస్తాయి. ఫైల్‌ను పరికరాల మధ్య ఫైళ్లను కలిపి ఉంచే సింక్‌థింగ్‌తోనో గూగుల్ డ్రైవ్‌తోనో మీరే తిప్పుకోవాలి. ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ ఒకేసారి మార్చితే రెండు కాపీలు తయారవుతాయి. ఏదో ఒకటి చెరిపేయకుండా డేటాబేస్ మెనూలోని మెర్జ్‌తో కలపండి. సేవ్ చేసే ముందు బ్యాకప్ తీసే సెట్టింగు మొదట్లో ఆపి ఉంటుంది, వెంటనే ఆన్ చేయండి. యూబీకీ వాడితే ఒకే రహస్యాన్ని రెండు కీల్లో రాసి, రెండోదాన్ని ఇంట్లో భద్రంగా పెట్టాలి. ఉన్న ఒక్క కీ పోతే డేటాబేస్ శాశ్వతంగా పోయినట్టే, తెరిచి పెట్టే కస్టమర్ కేర్ ఎక్కడా ఉండదు.

క్రోమ్ నుంచి పాస్‌వర్డ్‌లు తెచ్చుకునేటప్పుడు సీఎస్‌వీ ఫైల్ దిగుమతిలో "మొదటి వరుసలో పేర్లున్నాయి" అనే పెట్టెలో టిక్కు పెట్టండి. లేకపోతే శీర్షికలే ఒక ఎంట్రీగా చేరతాయి. పని కాగానే ఆ సీఎస్‌వీని చెరిపేయండి, అందులో పాస్‌వర్డ్‌లన్నీ విడిగా, చదవగలిగేలా ఉంటాయి.

ఓటీపీలను కూడా ఇదే ఫైల్లో దాచడం సౌకర్యమే కానీ నేను సమర్థించను. ఫైల్ పోతే రెండు తాళాలూ ఒకేసారి పోతాయి. వాటికి వేరే పాస్‌వర్డ్‌తో రెండో డేటాబేస్ పెట్టుకోవడం మేలు.

ఉచితమే కదా అని ఊరుకోకుండా ఈ ప్రాజెక్టుకు కాస్త చేయూతనివ్వాలని నా కోరిక. జట్టు చిన్నది, గిట్‌హబ్‌లో అడిగేవాళ్లు చాలా ఎక్కువ. కోడ్ రాయడం రాకపోయినా అనువాదం చేయొచ్చు, ఆ పని ట్రాన్సిఫెక్స్ అనే అనువాద సైటులో జరుగుతుంది. బగ్ కనిపిస్తే ముందు పాత ఫిర్యాదుల్లో వెతకండి. కొత్తదైతే హెల్ప్, అబౌట్, డీబగ్ ఇన్ఫో దగ్గరున్న వివరాలను కాపీ చేసి జతపరచండి. ఏ మెట్ల వరుసలో తప్పు మళ్లీ మళ్లీ వస్తుందో రాయండి. వేలాండా దానికి ముందున్న ఎక్స్11ఆ, స్నాపా మామూలు ప్యాకేజీనా అన్నది తెలియకపోతే వాళ్లు ఆ తప్పును తమ దగ్గర తిరిగి రప్పించి చూడలేరు.