కోడ్ 100కీ కోడ్ 83కీ మధ్య ఒక చిన్న రేకు

మూడు వారాల పాటు మా అబ్బాయి ఇంటి బేస్‌మెంట్‌లో బొమ్మ రైలు ఒకే చోట పట్టాలు తప్పింది. ఇంజను దాటేది, మొదటి రెండు పెట్టెలూ దాటేవి, మూడో పెట్టె ముందు చక్రం పైకెక్కి పక్కకు ఒరిగేది. ఒరిగిన ప్రతిసారీ మనవడు నా ముఖం చూసేవాడు. కాజీపేట రైల్వే సెక్షన్‌లో 31 ఏళ్లు పట్టాల వెంట నడిచినవాణ్ణి. ఆ చూపుకు జవాబు చెప్పకుండా ఎలా ఉంటాను?

తప్పంతా అతుకు దగ్గరే. ఒకవైపు పెకో వాళ్ల కోడ్ 100 పట్టా, మరోవైపు అట్లాస్ వాళ్ల కోడ్ 83; రెండూ బొమ్మ రైలు పట్టాలు చేసే కంపెనీలే. అమెరికాలోని కొలంబస్‌లో మా వీధి పెద్దాయన ఒకరు ఇల్లు మారుతూ పిల్లవాడికి పెట్టె నిండా కోడ్ 100 పట్టాలు ఇచ్చి వెళ్లారు. మేము అంతకుముందే కొన్నవి కోడ్ 83. గేజి, అంటే రెండు పట్టాల మధ్య దూరం, రెండింటికీ 16.5 మిల్లీమీటర్లే. కోడ్ అంటే పట్టా ఎత్తు, అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన. ఒకటి 2.54 మిల్లీమీటర్లు, మరొకటి దాదాపు 2.11. తేడా అర మిల్లీమీటరు కూడా లేదు కదా అనిపిస్తుంది. కానీ మా బొమ్మ బండి హెచ్‌ఓ అనే కొలతది, అంటే అసలు బండిలో 87వ వంతు. ఆ తేడాను 87తో హెచ్చిస్తే 37 మిల్లీమీటర్లు దాటిన మెట్టు! మన లైన్లలో మీటరుకు 52 కిలోలు తూగే పట్టా ఎత్తు 156 మిల్లీమీటర్లు, 60 కిలోల పట్టా ఎత్తు 172. ఆ 16 మిల్లీమీటర్ల తేడా ఉన్న చోట పట్టాల కొసలను కలిపే మామూలు ఇనుప పలక, అదే ఫిష్‌ప్లేటు, పనికిరాదు, రెండు ఎత్తులనూ కలిపే ప్రత్యేకమైన ఫిష్‌ప్లేటే బిగించాలి. పెద్ద పట్టాల దగ్గర అంత జాగ్రత్త పడినవాణ్ణి, ఇక్కడ మాత్రం పెట్టెలో దొరికిన మామూలు జాయినర్‌తో, అంటే బొమ్మ పట్టాలను కలిపే చిన్న రేకుతో, సరిపెట్టాను.

తప్పు తెలిశాక ఇంటర్నెట్‌లో చవకగా దొరికిన, పేరు లేని జాయినర్లు తెప్పించాను. రెండు రోజులకే వాటి అంచులు విచ్చుకున్నాయి. చివరికి ఊళ్లోని హాబీ దుకాణానికి వెళ్లి విషయం చెబితే, అట్లాస్ వాళ్లే 100-83 అతుకు కోసం చేసిన జాయినర్లు తీసి ఇచ్చారు. ఈ సమీక్ష వాటి గురించే.

గోరంత రేకు అది. భూతద్దం కింద పెట్టి చూస్తే దాని పనితనం తెలుస్తుంది. రేకు మధ్యలో చిన్న మెట్టు ఉంటుంది. ఒక సగం కోడ్ 100 పట్టా పాదాన్ని, అంటే అడుగు భాగాన్ని, కింద పట్టుకుంటుంది, రెండో సగం కోడ్ 83 పాదాన్ని కాస్త పైకి ఎత్తి పట్టుకుంటుంది. దాంతో రెండు పట్టాల తలలూ ఒకే మట్టానికి వస్తాయి. వేలిగోరు పెట్టి అతుకు మీదుగా నెమ్మదిగా లాగాను. ఎక్కడా తట్టుకోలేదు. మెట్టు అనే సమస్యను ఈ రేకు పూర్తిగా తీర్చింది, ఆ మాట గట్టిగా చెప్పగలను.

కానీ చక్రం నడిచేది పట్టా పైతలం మీద మాత్రమే కాదు. దాని అంచు పట్టా లోపలి ముఖాన్ని ఒరుసుకుంటూ పోతుంది. కోడ్ 100 పట్టా తల వెడల్పు ఎక్కువ. కాబట్టి రెండు పట్టాల నడిమి గీతలు కలిస్తే చాలదు, లోపలి ముఖాలు కలవాలి. ఉక్కు స్కేలును లోపలి అంచుకు ఆనించి చూస్తే వెలుతురు సన్నగా కనిపించింది. సూది ఆకురాయితో పొడుచుకొచ్చిన మూలను నాలుగైదు సార్లు, పట్టా వెంబడే, తేలికగా రాశాను. అడ్డంగా రాస్తే గీతలు పడతాయి.

ఇక ప్యాకింగ్, అంటే పట్టా కింది అడ్డ దిమ్మెల (స్లీపర్ల) అడుగున ఖాళీ నింపడం. జాయినర్ కోడ్ 83 కొసను పైకి ఎత్తింది కాబట్టి దాని కింది స్లీపర్లు గాలిలో వేలాడతాయి. బండి బరువు పడగానే ఆ కొస దిగుతుంది, అతుకు మళ్లీ విరుగుతుంది. కంకర సరిగా కూరని స్లీపరు దగ్గర మా గ్యాంగ్‌మన్లు ఏం చేసేవారో ఇక్కడా అదే చేశాను. అతుకు పక్కనున్న ఐదు స్లీపర్ల కింద పలుచని అట్ట రెండు పొరలు, ఆ తర్వాతి ఐదింటి కింద ఒక పొర పెట్టి అంటించాను. దిగుడు కంటికి తెలియదు, చక్రానికీ తెలియదు.

టంకం వేయాలా అని అడుగుతారు. నేను వేశాను, జాయినర్ వెలుపలి వైపున మాత్రమే. ఇరువైపులా తడి దూది పెట్టకపోతే ప్లాస్టిక్ స్లీపర్లు కరుగుతాయి. మొదటి అతుకు దగ్గర నావి రెండు కరిగాయి. కరెంటును మాత్రం జాయినర్‌కు వదిలేయకండి. అతుకుకు అటూ ఇటూ విడివిడిగా తీగలు ఇవ్వండి. అసలు లైన్లలో ట్రాక్ సర్క్యూట్ (పట్టాల్లో కరెంటు పంపి బండి ఉందో లేదో కనిపెట్టే ఏర్పాటు) ఉన్న చోట ఫిష్‌ప్లేటును నమ్ముకోకుండా బాండు తీగ వేసేది ఇందుకే. అతుకును వంపులో పెట్టకండి, తిన్నని చోటే ఎంచుకోండి.

రెండు బ్రాండ్ల పట్టాలు చేతిలో ఉన్నవారు నిస్సంకోచంగా కొనండి. అవసరం కన్నా ఒక జత ఎక్కువే తీసుకోండి, ఒకసారి తీసి మళ్లీ తొడిగితే పట్టు వదులవుతుంది. నిన్న సాయంత్రం పద్నాలుగు పెట్టెలు కట్టి ముందుకూ వెనక్కూ నడిపాం. మనవడు బల్లకు చెవి ఆనించి పడుకుని, బండి అతుకు దాటేదాకా ఊపిరి బిగబట్టి విన్నాడు. "తాతయ్యా, ఎక్కడ దాటిందో తెలియలేదు" అన్నాడు. మా బొమ్మ రైలు యార్డులో ఇలాంటి అతుకులు ఇంకా ఆరు ఉన్నాయి. శనివారం మళ్లీ దుకాణానికి వెళ్తున్నాం.