వెబ్ వర్కర్లు: పలాస జీడి లెక్కల్లో చాన్నాళ్లు వాడాక

వెబ్ వర్కర్ అంటే బ్రౌజర్ పేజీ వెనక విడిగా నడిచే జావాస్క్రిప్ట్. దాన్ని పెట్టినంత మాత్రాన లెక్క త్వరగా తెమలదు. అది తెమిలేదాకా తెర బిగుసుకుపోకుండా ఉంటుంది, అంతే. అంతకుమించి ఆశించి పెట్టుకున్నవాళ్లు తిట్టుకుంటారు. ఉద్దానం ఊళ్ల నుంచి వచ్చే 80 కిలోల జీడిపిక్కల బస్తాలు, పరిశ్రమలో పిక్కలు కొట్టాక వచ్చే గుండు (విరగని పప్పు), బద్ద, ముక్కల తూకాలు, 180 నుంచి 320 దాకా గ్రేడ్లు (పౌనుకి ఎన్ని పప్పులో చెప్పే అంకెలు), రైతు ఖాతాలు అన్నీ ఫోన్ బ్రౌజర్‌లోనే లెక్కకట్టే పనిలో దీన్ని నడుపుతున్నాం. వజ్రపుకొత్తూరు, మందస వైపు సిగ్నల్ నిలకడగా ఉండదు కాబట్టి లెక్క సర్వర్‌కి వదిలేసే వీలు లేదు.

బ్రౌజర్‌లో తెర గీయడం, వేలి తాకిడికి స్పందించడం, మన జావాస్క్రిప్ట్ నడపడం ఒకే మెయిన్ థ్రెడ్ (పనులు ఒకదాని తర్వాత ఒకటిగా జరిగే వరుస) మీద జరుగుతాయి. సెకనుకు 60 సార్లు గీయాలంటే ఒక్కో ఫ్రేముకి దొరికేది 16.7 మిల్లీసెకన్లు. 50 మిల్లీసెకన్లు దాటిన పనిని క్రోమ్ ‘లాంగ్ టాస్క్’ అని గుర్తు పెడుతుంది. సీజన్ బస్తా చీటీలన్నీ గ్రేడువారీగా కూడి, రైతుల పేర్లు తెలుగు అక్షరక్రమంలో పేర్చే పని చవక ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆ గీతను సునాయాసంగా దాటేస్తుంది. అక్కడే వర్కర్ కావాలి. రోజుకి రెండొందల చీటీల పనికి మాత్రం వద్దు, దండగ. పేర్లు పేర్చడానికి లోకేల్‌కంపేర్‌ని (రెండు మాటల్లో ఏది ముందో చెప్పే ఫంక్షన్) ప్రతి పోలికకీ పిలవకండి. అదే పని చేసే Intl.Collator ఆబ్జెక్టు ఒక్కటి తయారుచేసుకుని దాని కంపేర్ వాడితే చాలా తేడా కనిపిస్తుంది. ముందు అది చేసి చూడండి, అసలు వర్కర్ అవసరమే రాకపోవచ్చు.

పెట్టడం తేలికే, రెండుచోట్ల మాత్రం తడబడతారు. పేజీని ఫోల్డర్లోంచి నేరుగా డబుల్ క్లిక్ చేసి తెరిస్తే క్రోమ్ వర్కర్ ఫైలుని ఎక్కించదు. చిన్న లోకల్ సర్వర్ నడపాలి. కోడ్ ఫైళ్లను కలిపి కట్టే బండ్లర్లు వెబ్‌ప్యాక్ 5 లేదా వీట్ వాడితే ఫైలు చిరునామాని యూఆర్ఎల్ ఆబ్జెక్టుగా వర్కర్ బ్రాకెట్లోనే రాయాలి. విడిగా వేరియబుల్‌లో పెడితే బండ్లర్ గుర్తుపట్టదు, మీ కంప్యూటర్లో నడిచింది బయటికి పంపాక 404 (ఫైలు దొరకలేదు) అంటుంది. ఆ 404కి పేజీలోని ఆన్ఎర్రర్ (వర్కర్లో తప్పు జరిగితే నడిచే ఫంక్షన్) పలుకుతుంది గానీ అందులో కారణం ఏమీ ఉండదు. చూడాల్సింది డెవలపర్ టూల్స్‌లోని నెట్‌వర్క్ ట్యాబ్.

అసలు ఖర్చంతా పేజీకీ వర్కర్‌కీ మధ్య డేటా పంపే పోస్ట్‌మెసేజ్ దగ్గర. పంపిన వస్తువు అటు వెళ్లదు, దాని నకలు వెళ్తుంది. ఆ నకలు కట్టే పని పంపే థ్రెడ్ మీద, విప్పే పని అందుకునే థ్రెడ్ మీద పడుతుంది. వేలకొద్దీ చీటీల ఆబ్జెక్టులు వర్కర్ నుంచి ఒక్కసారే వెనక్కి తెచ్చుకుంటే, లెక్క పక్కన జరిగినా విప్పేటప్పుడు తెర మళ్లీ ఆగుతుంది. ‘వర్కర్ పెట్టినా ఫోన్ ఆగుతోంది’ అనే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇదే. అందుకే డేటాని వర్కర్లోనే కాపురం పెట్టించాలి. అది సొంతంగా ఫెచ్ చేయగలదు, బ్రౌజర్లోని డేటాబేస్ ఇండెక్స్‌డ్‌డీబీ తెరవగలదు. డామ్ (పేజీలోని అంశాలు), లోకల్‌స్టోరేజ్ (బ్రౌజర్లోని చిన్న నిల్వ) మాత్రం దానికి అందవు. తెరమీద కనిపించే 50 వరుసలు, అడుగున మొత్తం, ఇవి పంపితే చాలు.

తూకాల్లాంటి వట్టి అంకెలైతే ఫ్లోట్64అర్రే అనే అంకెల వరుసలో పెట్టి, దాని బఫర్‌ని (అంకెలుండే మెమరీని) ట్రాన్స్‌ఫర్ చేయండి. నకలు ఉండదు, యాజమాన్యమే మారుతుంది. ఆ తర్వాత ఇటువైపు బైట్‌లెంగ్త్ (బఫర్ నిడివి) సున్నా. అదే బఫర్ రెండోసారి పంపబోతే డేటాక్లోన్ఎర్రర్. ఫంక్షన్లు పంపినా అదే ఎర్రర్. తేదీలు, మ్యాప్ ఆబ్జెక్టులు క్షేమంగా చేరతాయి గానీ సొంత క్లాసులు మెథడ్లు పోగొట్టుకుని చేరతాయి.

వెతుకుడు పెట్టె దగ్గర ఇంకో చిక్కు. ‘సోంపేట’ అని కొడుతుంటే ప్రతి అక్షరానికీ ఒక మెసేజ్ పోతుంది. పాత వెతుకులాటలో మునిగి ఉన్న వర్కర్ కొత్త మెసేజ్ వినదు, మధ్యలో ఆపమన్నా ఆగదు. ప్రతి మెసేజ్‌కీ ఒక నంబరు ఇవ్వండి. వర్కర్ వెయ్యి వరుసలకోసారి సెట్‌టైమౌట్‌తో విరామం ఇచ్చి, కొత్త నంబరు వచ్చిందేమో చూసుకుని, వస్తే పాతది వదిలేయాలి. టెర్మినేట్ చేసి మళ్లీ పుట్టించవచ్చు గానీ లోపల పేర్చుకున్న డేటా అంతా దాంతోపాటే పోతుంది.

బాగా కలిసొచ్చింది ఫోటోల దగ్గర. బస్తా చీటీని 12 మెగాపిక్సెల్ కెమెరాతో తీస్తే, 4000 గుణించు 3000, పిక్సెల్‌కి 4 బైట్లు, విప్పాక 48 మెగాబైట్లు మెమరీలో కూర్చుంటుంది. వర్కర్లో క్రియేట్‌ఇమేజ్‌బిట్‌మ్యాప్‌తో వెడల్పు 1280కి కుదించి, ఆఫ్‌స్క్రీన్‌కాన్వాస్ (తెరమీద కనిపించకుండా బొమ్మ గీసే చోటు) మీద వేసి, 0.7 నాణ్యతతో జేపెగ్ చేయించండి. పని కాగానే బిట్‌మ్యాప్‌ని క్లోజ్ చేయడం మరిస్తే మెమరీ పేరుకుపోయి చిన్న ఫోన్ ట్యాబ్‌ని మూసేయవచ్చు. సఫారీలో ఆఫ్‌స్క్రీన్‌కాన్వాస్ 2023లో 16.4తో వచ్చింది. అంతకన్నా పాత ఐఫోన్లకి మామూలు కాన్వాస్ దారి ఉంచండి.

ఫోన్‌లో ఎన్ని కోర్లున్నాయో చెప్పే హార్డ్‌వేర్‌కంకరెన్సీ 8 చూపించిందని ఎనిమిది వర్కర్లు పుట్టించకండి. చవక ఫోన్లలో ఆ కోర్లలో చాలావరకు చిన్నవి, పైగా ఒక్కో వర్కరూ తన మెమరీ తాను తీసుకుంటుంది. లెక్కలకి ఒకటి, ఫోటోలకి ఒకటి సరిపోతాయి. పేజీ, వర్కర్ ఒకే మెమరీని పంచుకునే షేర్డ్‌అర్రేబఫర్ జోలికి పోలేదు. దానికి సర్వర్ రెండు క్రాస్-ఆరిజిన్ హెడర్లు పంపాలి, అవి పెడితే బయటినుంచి తెచ్చుకునే బొమ్మలు, చెల్లింపు కిటికీలు ఇబ్బంది పెడతాయి. ఈపాటి లెక్కలకి అంత తతంగం అక్కర్లేదు.

వర్కర్లో ప్రామిస్ (ఫలితం తర్వాత తేలే పని) విఫలమైతే ఇవతలి ఆన్ఎర్రర్‌కి తెలియదు. తెరమీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. ప్రతి పనినీ ట్రై-క్యాచ్‌లో చుట్టి, తప్పుని కూడా ఒక జవాబుగా పంపాలి. పరీక్షకి డెవలపర్ టూల్స్‌లో పెర్ఫార్మెన్స్ తెరిచి సీపీయూని 6 రెట్లు నెమ్మది చేసి చూడండి, వర్కర్ వరుస విడిగా కనిపిస్తుంది. ఇక ఫోన్ జేబులో పెట్టేశాక కూడా వర్కర్ చీటీలు పంపుతూ ఉంటుందనుకోవద్దు. ఆండ్రాయిడ్ ట్యాబ్‌ని స్తంభింపజేస్తే వర్కరూ దాంతోపాటే ఆగుతుంది. పంపాల్సినవి ముందే ఇండెక్స్‌డ్‌డీబీలో రాసిపెట్టి, పేజీ మళ్లీ తెరవగానే మిగిలినవి పంపేలా కట్టుకోవాలి.