టెస్లా చక్రం, హెడీ లమార్ కాగితపు చుట్ట

ఫ్రీక్వెన్సీ హాపింగ్ (రేడియో సంకేతం ఒక ఫ్రీక్వెన్సీ నుంచి మరోదానికి గెంతుతూ పోవడం) అనగానే అందరూ హెడీ లమార్ పేరే చెబుతారు. ఆ నటి తెలివంటే నాకూ ఎంతో గౌరవం. కానీ వరుసలో నికోలా టెస్లా ముందున్నాడు.

1903లో ఆయనకొచ్చిన అమెరికా పేటెంట్‌లో, తిరిగే చక్రం సాయంతో ట్రాన్స్‌మిటర్ వేర్వేరు ఫ్రీక్వెన్సీలు పంపుతుంది. అవన్నీ అందితేనే రిసీవర్ స్పందిస్తుంది. నంబర్ తాళం లాంటిదన్నమాట. ఒక్క ఫ్రీక్వెన్సీ పట్టుకున్నవాడికి తాళం తెరుచుకోదు.

హెడీ, స్వరకర్త జార్జ్ ఆంథైల్‌ల పేటెంట్ 1942 ఆగస్టు 11న వచ్చింది. వాళ్ల దృష్టి టార్పెడో మీద, అంటే నీళ్లలో దూసుకెళ్లి ఓడను పేల్చే ఆయుధం మీద. దాన్ని నడిపే రేడియో సంకేతాన్ని శత్రువు జామ్ చేయకూడదు. వాళ్ల ఉపాయం చూడండి: ఆటోమేటిక్ పియానోలో తిరిగే చిల్లుల కాగితపు చుట్టలే రెండు. ఒకటి ఓడలో, ఒకటి టార్పెడోలో. రెండూ ఒకేసారి కదిలి, ఒక్కో చిల్లు దగ్గర రెండు వైపులా ఫ్రీక్వెన్సీ మారుతుంది. మొత్తం 88 ఫ్రీక్వెన్సీలు, పియానో మెట్లన్ని!

అమెరికా నౌకాదళం రెండో ప్రపంచ యుద్ధంలో దీన్ని వాడలేదు. అయినా నా ఓటు వీళ్లకే. టెస్లాది భద్రమైన తాళం. రెండు చివరలూ కలిసి గెంతడమనే అసలు చిక్కుముడి విప్పింది ఈ కాగితపు చుట్టలే.