2007 నుంచి ఆస్టరిస్క్ వాయిస్‌మెయిల్ వాడుతున్నాను: నా అనుభవం

న్యూజెర్సీలో 60 ఫోన్లున్న ఒక అకౌంటింగ్ ఆఫీసులో ఫోన్లు, కంప్యూటర్లు చూసుకునే పని నాది. ఆస్టరిస్క్ అంటే మామూలు కంప్యూటర్‌ను ఆఫీసు ఫోన్ ఎక్స్ఛేంజ్‌గా మార్చే సాఫ్ట్‌వేర్. ఫోన్ ఎత్తకపోతే అవతలివాళ్ల మాట రికార్డ్ చేసి దాచే వాయిస్‌మెయిల్ కూడా అందులోనే ఉంటుంది. మన దేశంలో వాయిస్‌మెయిల్ పెద్దగా అలవాటు కాలేదు, మనకి మిస్డ్ కాల్ చాలు. ఇక్కడ మాత్రం పన్ను రిటర్నుల గడువు ఏప్రిల్ 15 దగ్గరపడే కొద్దీ పన్నుల లెక్కలు సగం మెసేజ్‌లలోనే వస్తాయి. ఒక్కటి పోయినా టెన్షనే.

2007కి ముందు మాకు ఒక పెద్ద కంపెనీ తయారుచేసిన వాయిస్‌మెయిల్ పెట్టె ఉండేది. పేరు చెప్పను. గట్టి సరుకే, తొమ్మిదేళ్లలో రెండుసార్లే ఆగింది. కానీ మెయిల్‌బాక్స్‌లకు పదేసి చొప్పున లైసెన్స్ కొనాలి. డిస్క్ చెడితే వాళ్ల దగ్గరే కొనాలి, అలాంటిదే బజార్లో దొరికినా పెట్టె ఒప్పుకోదు. ఫిలడెల్ఫియా బ్రాంచిలో వేరే కంపెనీ పెట్టె. అక్కడికి మెసేజ్ పంపాలంటే ఏమిస్ అనే పాత పద్ధతి ఒక్కటే దారి: ఒక పెట్టె రెండోదానికి ఫోన్ చేసి మెసేజ్ మొత్తం వినిపిస్తుంది, అది రికార్డ్ చేసుకుంటుంది. మూడు నిమిషాల మెసేజ్‌కి మూడు నిమిషాలు లైను బిజీ.

దీనికి విరుగుడుగా వీపిమ్ అనే ఓపెన్ స్టాండర్డ్ 1996లోనే వచ్చింది, 1998లో రెండో వెర్షన్. మాటను ఈమెయిల్‌లో పెట్టి ఈమెయిళ్లు వెళ్లే మామూలు పద్ధతి ఎస్‌ఎమ్‌టీపీ మీద పంపడం. మా పెట్టె బ్రోషర్‌లోనూ ఆ పేరుంది. తీరా అడిగితే దానికి విడిగా లైసెన్స్ అన్నారు. రెండు కోటల మధ్య వంతెన వేసినా తాళాలు కోటల వాళ్ల దగ్గరే ఉంటాయని నాకు అప్పుడు అర్థమైంది. పెట్టెల కంపెనీలకు అసలు దెబ్బ వంతెనతో తగల్లేదు, మెసేజ్ ఎక్కడ దాచాలన్నది మన ఇష్టమయ్యాక తగిలింది. 1997లో టెలిఫోన్ పరికరాల కంపెనీ లూసెంట్, వాయిస్‌మెయిల్ పెట్టెలు చేసే ఆక్టెల్‌ను కొనడానికి సుమారు 180 కోట్ల డాలర్లు పెట్టింది, అప్పట్లో ఆ వ్యాపారం విలువ అంత. రెండేళ్లు తిరిగేసరికి మార్క్ స్పెన్సర్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ ఆస్టరిస్క్ రాయడం మొదలుపెట్టాడు. ఎవరైనా డబ్బు కట్టకుండా దించుకుని వాడుకోవచ్చు.

మామూలు పీసీలో లినక్స్ వేసి మొదలుపెట్టాను. కొత్త మెయిల్‌బాక్స్ అంటే కాన్ఫిగ్ ఫైల్లో ఒక్క లైను. చోటు కలిసొస్తుందని మొదట కుదించిన వేవ్49 ఫార్మాట్ పెట్టాను, నిమిషానికి సుమారు 100 కేబీ. గొంతు మూసుకుపోయినట్టు వచ్చి, ఫిఫ్టీన్ అన్నారో ఫిఫ్టీ అన్నారో తేలక ఇద్దరు అకౌంటెంట్లు నా మీదికి వచ్చారు. మామూలు వేవ్‌కి మార్చేశాను. నిమిషానికి 1 ఎంబీ దాకా పడుతుంది, పట్టనివ్వండి. లెక్కలు చూసే ఆఫీసులో ఇక్కడ పొదుపు చేయొద్దు.

నాకు బాగా నచ్చింది ఐమాప్ స్టోరేజ్, అంటే ఈమెయిల్ సర్వర్‌తో మాట్లాడే ఐమాప్ పద్ధతిలో మెసేజ్‌లు దాచడం. మెసేజ్ మా మెయిల్ సర్వర్‌లోనే ఉంటుంది. ఫోన్‌లో వింటే మెయిల్‌లోనూ చదివినట్టు మారుతుంది. మెయిల్‌లో వింటే మాత్రం మొదట్లో కొత్త మెసేజ్ ఉందని చూపే ఫోన్ మీది ఎర్రదీపం ఆరేది కాదు. మెయిల్‌బాక్స్‌ను పదేపదే చూసి రమ్మనే సెట్టింగ్ వచ్చాక కుదిరింది. లోపం లేకపోలేదు. ఐమాప్ కోసం ఇది ఆధారపడే సీ-క్లయింట్ అనే కోడ్ లైబ్రరీ చాలా పాతది. అప్‌గ్రేడ్ చేసిన ప్రతిసారీ అది కంపైల్ అవుతుందా లేదా అని గుండె దడే. మీటలూ వేరు: ఇక్కడ 7 నొక్కితే మెసేజ్ డిలీట్ అవుతుంది. పాత అలవాటు పోవడానికి స్టాఫ్‌కి నెల పట్టింది.

పాత పెట్టెలోంచి మెసేజ్‌లు బయటికి తీసే దారి లేదు. దాచుకున్నవాళ్లవన్నీ స్పీకర్‌లో వినిపిస్తూ ఒక్కొక్కటే రికార్డ్ చేశాను. వాటిలో 2004లో మా నాన్నగారు కాకినాడ నుంచి చేసింది ఒకటుంది, 40 సెకన్లు. ఆయన ఇప్పుడు లేరు. ఆ గరగర వెనక ఆయన గొంతు విన్నప్పుడల్లా, అసలు రికార్డింగ్ ఆ పెట్టెలోనే పోయిందని కోపం వస్తుంది. అది ఆయన నాకు చెప్పిన మాట, కంపెనీది కాదు.

లినక్స్ తెలిసిన మనిషి ఆఫీసులో ఒక్కరైనా ఉంటేనే దీని జోలికి వెళ్లండి. రాత్రి పూట బ్యాకప్ తప్పనిసరి. ఇప్పటికి మూడుసార్లు సర్వర్ మార్చాను, ఒక్క మెసేజ్ కూడా పోలేదు. కిందటిసారి ఒక శనివారం మధ్యాహ్నంలో పని అయిపోయింది.