టాహో కొండల్లో నాలుగు కాలాల రిసార్టు: ఏ ప్రణాళిక మేలు?

డిసెంబరు వచ్చిందంటే కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో నలుగురు తెలుగువాళ్లు కలిసిన చోట మాట టాహో సరస్సు పక్కనున్న మంచుకొండల మీదికి మళ్లుతుంది. ఏ వారాంతం వెళ్లాలి, టైర్లకు చెయిన్లు కొనాలా వద్దా అన్నవి పాత ప్రశ్నలు. ఈమధ్య వాటికి కొత్తది ఒకటి తోడైంది: పాలిసేడ్స్ టాహో అనే స్కీ రిసార్టులో ఏడాది పొడవునా నడిచేలా పెద్ద ఊరే కడతారట, మంచిదేనా? మా బావమరిది నన్ను నేరుగానే నిలదీశాడు. "బావా, పిల్లలకు వాటర్ పార్కు వస్తుందంటే మీకేం అభ్యంతరం?" అడిగిన ప్రతివారికీ ఫోనులో వివరించలేక ఇక్కడ రాస్తున్నాను.

1960 శీతాకాల ఒలింపిక్స్ జరిగిన లోయ ఇది. ఊరు కట్టే ప్రణాళికకు ఆ ప్రాంతపు పాలకమండలి అయిన ప్లేసర్ కౌంటీ సూపర్‌వైజర్ల బోర్డు 2016 నవంబరులో మొదటిసారి ఆమోదం తెలిపింది. పాతికేళ్లలో విడతలవారీగా 1,493 పడకగదులు, దుకాణాలు, చలికాలంలోనూ ఆడుకునేలా కప్పు కింద వాటర్ పార్కు. సియెర్రా వాచ్ అనే పర్యావరణ సంస్థ కోర్టుకు వెళ్లింది. పర్యావరణ నివేదికలో లోపాలున్నాయని 2021 ఆగస్టులో అప్పీలు కోర్టు తేల్చడంతో ఆ ఆమోదం చెల్లకుండా పోయింది. రిసార్టు కంపెనీ దాదాపు అదే ప్రణాళికతో తిరిగి వచ్చింది, 2024 నవంబరులో బోర్డు మళ్లీ ఒప్పుకుంది, మళ్లీ దావా పడింది. 2025లో ఇరుపక్షాలూ రాజీకి వచ్చాయి: పడకగదులు 40 శాతం తగ్గుతాయి, వాణిజ్య స్థలం 20 శాతం తగ్గుతుంది, వాటర్ పార్కు ఉండదు. అందుకని తూకం వేయవలసినవి ప్రధానంగా రెండు: పెద్ద ప్రణాళిక, కుదించిన ప్రణాళిక. గదుల జోలికి పోకుండా కొండమీద వేసవి ఆటలు మాత్రం పెట్టుకునే పద్ధతి మూడోది.

రిసార్టు వాదాన్ని కొట్టిపారేయలేం. 2015 ఏప్రిల్ 1న కొలిస్తే కాలిఫోర్నియా కొండల్లో ఉన్న మంచు మామూలులో 5 శాతమే. 2023 ఏప్రిల్‌లో మామూలుకు రెట్టింపు మించి ఉంది. ఆ ఏడాది పాలిసేడ్స్‌లో జూలై 4న కూడా స్కీయింగ్ చేశారు. ఆదాయం ఇలా ఆకాశం దయమీద ఊగిసలాడుతుంటే వేసవిని కూడా నమ్ముకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. చలికాలం పోగానే ఇంటికి పంపకుండా ఏడాదంతా పని ఇస్తే సిబ్బందికీ మేలే.

నా లెక్కలో తేల్చవలసిన అంశం ఒక్కటే, రోడ్డు. ఆ లోయలోకి ఒకే దారి. అది వెళ్లి కలిసే 89వ నంబరు హైవే, ట్రక్కీ నదిని ఆనుకుని సాగే రెండు వరసల రోడ్డు. ఉత్తరానికి పోతే ట్రక్కీ ఊరు, దక్షిణానికి పోతే టాహో సిటీ. మంచు కురిసిన ఆదివారం సాయంత్రం అక్కడినుంచి తిరుగుముఖం పట్టినవాళ్లకు ఆ రోడ్డు గురించి నేను చెప్పనక్కర్లేదు. ఒకసారి మా చిన్నది వెనక సీట్లో నిద్రపోయి, లేచి, మళ్లీ నిద్రపోయింది. మేము మాత్రం అదే మలుపులో ఉన్నాం. రద్దీ భరించలేకే 2023-24 చలికాలం నుంచి రిసార్టు వారాంతాల్లో పార్కింగుకు ముందస్తు రిజర్వేషన్ పెట్టింది.

ఇక్కడే పెద్ద ప్రణాళికను సమర్థించేవాళ్లు తెలివైన మాట ఒకటి అంటారు. కొండ పాదం దగ్గరే పడుకుంటే రోజూ కారు తీయవలసిన అవసరం ఏముంది, గదులు పెరిగితే రద్దీ తగ్గుతుంది కదా అని. చలికాలం వరకు ఈ మాట నిజమేనని నేనూ ఒప్పుకుంటాను. లేచిన వెంటనే స్కీలు తగిలించుకుని కొండెక్కేవాడికి కారుతో పనిలేదు. కానీ వేసవిలో ఆ గదుల్లో దిగేవాళ్లు దేనికోసం వస్తారు? సరస్సు కోసం. అది సుమారు పది కిలోమీటర్ల దూరాన టాహో సిటీ దగ్గర ఉంది. రోజూ పొద్దున ఆ కార్లన్నీ బయటికి రావలసిందే, సాయంత్రం అదే దారిన లోపలికి పోవలసిందే. చలికాలంలో రద్దీ తగ్గిస్తాయన్న గదులే వేసవిలో రద్దీ పెంచుతాయి.

వేసవి అక్కడ కార్చిచ్చుల కాలం కూడా. మంచు వల్ల రోడ్డు మూసుకుపోతే ఒక రాత్రి విసుగు, మహా అయితే సోమవారం సెలవు. మంటల వేళ అదే రోడ్డు మూసుకుపోతే ప్రాణాల మీదికి వస్తుంది. అప్పీలు కోర్టు తీర్పు వచ్చిన ఆ 2021 ఆగస్టు నెలాఖరులోనే కాల్డోర్ మంటలు సౌత్ లేక్ టాహో వైపు దూసుకొచ్చాయి. ఊరు మొత్తాన్ని ఖాళీ చేయించారు. హైవే 50 మీద పొగలో చీమలబారులా నిలిచిపోయిన కార్లను మనమంతా టీవీలో చూశాం. పెద్ద ప్రణాళికకు చేసిన పర్యావరణ నివేదికే లోయను ఖాళీ చేయడానికి పది గంటలకు పైగా పట్టవచ్చని అంచనా వేసింది. నివేదికలో ఆ అంకె చదివాక నాకు మిగతా పేజీలు చదవబుద్ధి కాలేదు.

మోటు లెక్క ఒకటి వేసి చూడండి. రెండు గదులకు ఒక కారు అనుకున్నా పెద్ద ప్రణాళికలో సుమారు 750 కార్లు అదనం. కుదించినదాంట్లో 450. తక్కువేమీ కాదు. అయినా రాజీలో తగ్గినవాటన్నిటిలోకీ రోడ్డును నేరుగా తాకేవి పడకగదులే. రాతిగోడల అందం, చెట్ల వరసలు, షటిల్ బస్సుల హామీలు ఎన్ని పెట్టినా ఆ లెక్క మారదు. అందుకే నా మొగ్గు కుదించిన ప్రణాళిక వైపే. అది గొప్పగా ఉందని కాదు, రెండింటిలో ఆ రోడ్డు కాస్తయినా మోయగలిగింది అదే కాబట్టి.

సరస్సు సంగతీ ఇందులో కలిసే ఉంది. 1968లో టాహో నీళ్లలో 31 మీటర్ల లోతు దాకా కనిపించేది. ఇప్పుడు ఏడాది సగటు 20 మీటర్ల చుట్టుపక్కల ఉంటోంది. రోడ్లమీద చక్రాల కింద నలిగి నీళ్లలోకి చేరే సన్నని దుమ్ము దీనికి ముఖ్య కారణాల్లో ఒకటి. లోయ సరస్సు పరివాహక ప్రాంతానికి బయట ఉన్నా, అందులో దిగేవాళ్ల కార్లు సరస్సు దగ్గరికే కదా పోతాయి. నివేదిక టాహోను సరిగా పట్టించుకోలేదని కోర్టు తప్పుపట్టింది కూడా ఇందుకే.

"మనం కౌంటీకి అభిప్రాయం రాసి పంపితే ఎవరు చదువుతారు?" అన్నది తరచుగా వినే ఇంకో మాట. షామియానా కింద మైకు కోసం పెనుగులాడే ప్రజాభిప్రాయ సేకరణలు చూసి పెరిగినవాళ్లం, ఆ అనుమానం సహజమే. కాలిఫోర్నియా చట్టం ప్రకారం ముసాయిదా నివేదికపై వచ్చిన ముఖ్యమైన అభ్యంతరాలకు తుది నివేదికలో రాతపూర్వకంగా జవాబివ్వాలి. అంతకన్నా ముఖ్యం, ఆమోదానికి ముందు ఎవరూ ఎత్తని అంశాన్ని తర్వాత కోర్టులో ఎత్తడం కుదరదు. పైగా, 2016లో బోర్డు సమావేశానికి ముందురోజు సాయంత్రం, ఆఫీసు వేళ దాటాక, కంపెనీతో కౌంటీ చేసుకునే ఒప్పందంలో మార్పుల కాగితాలు సభ్యులకు అందాయి, ప్రజలకు అందలేదు. ఇది బహిరంగ సమావేశాల చట్టానికి విరుద్ధమని అదే అప్పీలు కోర్టు వేరే తీర్పులో చెప్పింది. అయితే ఒక మెలిక ఉంది: నష్టం తప్పదని నివేదికే ఒప్పుకున్నా, లాభాలు అంతకన్నా ఎక్కువని కారణాలు రాసి బోర్డు ఆమోదించవచ్చు.

మూడో పద్ధతికి సరస్సు అవతలి గట్టున హెవెన్లీ రిసార్టు ఉదాహరణ. అటవీ శాఖ భూముల్లోని స్కీ రిసార్టుల్లో జిప్ లైన్లు, సైకిల్ బాటల వంటివాటికి 2011 నాటి చట్టం దారి ఇచ్చింది. వాటర్ పార్కులు, గోల్ఫ్ మైదానాలు, టెన్నిస్ కోర్టులు కూడదంది. పాలిసేడ్స్ ఊరు కట్టేది సొంత భూమిలో కాబట్టి ఆ నిషేధం దానికి వర్తించదు. పిల్లలతో ఒక పూట గడపడానికి ఈ ఆటలు బాగుంటాయి, కానీ గదులు అమ్మితే వచ్చే డబ్బు వీటితో రాదు. కంపెనీ దీనితో సరిపెట్టుకుంటుందని ఆశించడం అమాయకత్వం.

అసలేమీ కట్టవద్దనేవాళ్లకు కాలిఫోర్నియాలోనే ఉన్న మినరల్ కింగ్ లోయ కథ ఉంది. డిస్నీ సంస్థ అక్కడ తలపెట్టిన రిసార్టు వివాదం 1972లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, చివరికి 1978లో ఆ లోయను సెకోయా జాతీయ పార్కులో కలిపేశారు. ఒలింపిక్స్ జరిగి, పార్కింగు స్థలాలతో నిండిన లోయకు ఆ దారి ఎప్పుడో మూసుకుపోయింది.

మా బావమరిదికి ఇదంతా చెప్పాను. ఓపిగ్గా విని, "అయితే వాటర్ పార్కు లేనట్టేనా?" అన్నాడు. లేనట్టే. జూలైలో పిల్లలను సరస్సుకే తీసుకుపోదాం అన్నాను, కాకపోతే వారం మధ్యలో.